చిన్న ఊరికి ఫ్యామిలీతో సహా మారిపోదామనుకుంటున్నాం, వెళ్ళినవాళ్ళు ఉంటే కాస్త చెప్పండి

శివారు_సాయంత్రం:

అందరికీ నమస్తే. నెల రోజులుగా రాద్దామా వద్దా అనుకుంటూ ఇవాళ్టికి కూర్చున్నా. కొంచెం పెద్ద పోస్ట్ అవుతుంది, ఓపిగ్గా చదవండి ప్లీజ్.

మేం సిటీ శివార్లలో అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాం, పదకొండేళ్ళయింది. నేను, మా ఆయన, పాప (13), బాబు (6), మా అత్తగారు (70). మా ఆయనకి కిందటేడు పూర్తిగా ఇంటి నుంచే పని ఇచ్చేశారు, నెలకోసారి ఆఫీస్‌లో కనపడితే చాలు. నేను ఒక చిన్న కంపెనీలో అకౌంట్స్ చూస్తాను, ఎనిమిదేళ్ళ నుంచి అక్కడే, పోను గంటంబావు రాను గంటంబావు. ఇంటికొచ్చేసరికి ఏడున్నర అవుతుంది, బాబు సగం నిద్రలో ఉంటాడు, వాడు ఆ రోజు స్కూల్లో ఏం చేశాడో మా అత్తగారు చెప్తేనే నాకు తెలుస్తుంది. వాడికి ఆయాసం కూడా ఉంది, రోడ్డు దుమ్ము ఎక్కువైన రోజుల్లో రాత్రంతా కూర్చునే ఉంటాం. మా అత్తగారికి కిందటేడు చిన్న స్ట్రోక్ వచ్చి తగ్గింది, ఇప్పుడు బానే నడుస్తున్నారు కానీ నాలుగో ఫ్లోర్ నుంచి కిందకి దిగడానికి భయపడతారు.

ఇప్పుడు సంగతేంటంటే, ఇక్కడికి మూడున్నర గంటల దూరంలో ఒక చిన్న ఊరుంది, పూర్తి పల్లె కాదు అలాగని టౌనూ కాదు. రెండు సార్లు వెళ్ళొచ్చాం, రెండు సార్లూ ఆదివారమే. పెరడు ఉన్న ఇల్లు ఒకటి అమ్మకానికి ఉంది. మా ఆయనకి తెగ నచ్చేసింది, ఇక్కడి ఫ్లాట్ అమ్మేసి అది కొనేద్దాం అంటున్నారు, ఓనర్ కూడా తొందరపెడుతున్నాడు. బాబు ఎగిరి గంతేశాడు. పాప మాత్రం మీరు వెళ్ళండి నేను హాస్టల్లో ఉంటా అని తలుపేసుకుంది, రెండు వారాలుగా నాతో సరిగ్గా మాట్లాడట్లేదు.

నాకు సగం మనసు ఉంది సగం లేదు. వెళ్తే నా ఉద్యోగం మానేయాలి. గాలి బాగుంటుంది, ప్రశాంతంగా ఉంటుంది అనే సంగతి మాకూ తెలుసు, అది చూసే కదా ఆశపడుతున్నాం. అక్కడికెళ్ళి ఉన్నాక ఏం తెలిసింది, ముందే తెలిస్తే బాగుండేది అనిపించినవి ఏంటి, అవి చెప్పండి. పాప విషయం, హాస్పిటల్ విషయం మరీ ముఖ్యం.

తొమ్మిదేళ్ళ_పెరడు:

అక్కా, మేం వచ్చి తొమ్మిదేళ్ళు. వెనక్కి వెళ్ళాలని లేదు, ముందే చెప్తున్నా, నేను ఈ వైపు మనిషిని అని తెలుసుకుని చదవండి.

మొదటి మాట, ఆదివారం చూసి ఇల్లు కొనకండి. మంగళవారం వెళ్ళండి, అదీ మంచి వాన పడే రోజుల్లో ఒకసారి, ఎండ మండిపోయేటప్పుడు ఒకసారి. ఊరు ఆదివారం చుట్టం వచ్చినప్పటి ఇల్లులా ఉంటుంది. మామూలు రోజున ఆ రోడ్డు మీద లారీలు ఎన్ని తిరుగుతాయో, పొలాల్లో మందు కొట్టే రోజుల్లో గాలి ఎటు వీస్తుందో, కోతలయ్యాక దుబ్బులు తగలబెడతారో లేదో చూడాలి. ఇది ప్రత్యేకంగా ఎందుకు చెప్తున్నానంటే మీ బాబుకి ఆయాసం అన్నారు. సిటీ పొగ పోతుంది నిజమే, దాని బదులు ధాన్యం దుమ్ము, పుప్పొడి, తగలబెట్టిన పొగ, పాత ఇళ్ళ గోడల్లో చెమ్మ బూజు వస్తాయి. కొందరు పిల్లలకి మా ఊళ్ళో తగ్గింది, ఒకబ్బాయికి ఎక్కువైంది. వాడికి ఏది పడదో ముందు డాక్టర్‌తో తేల్చుకుని ఆ తర్వాత ఊరు ఎంచుకోండి.

రెండోది మనుషుల సంగతి. అందరూ పల్లెల్లో మనుషులు కలుపుగోలు అంటారు, అవును కలుపుగోలే, మొదటి వారంలోనే పది మంది వచ్చి పలకరించారు. కానీ పలకరింపు వేరు, ఒంట్లో బాలేనప్పుడు పిల్లల్ని వదిలిపెట్టి వెళ్ళగలిగేంత దగ్గరితనం వేరు. కాన్సస్ యూనివర్సిటీ ప్రొఫెసర్ జెఫ్రీ హాల్ అనే ఆయన 2018లో ఒక లెక్క చెప్పాడు, కొత్త ఊరికి మారినవాళ్ళని అడిగి మరీ తీసిన లెక్క అది. ముఖపరిచయం మామూలు స్నేహం అవడానికి ఇద్దరూ కలిసి గడిపే టైం ఓ 50 గంటలు, ఫ్రెండ్ అనుకోడానికి 90, దగ్గరి స్నేహానికి 200 గంటలు దాటాలట. నేను అది చదివినప్పుడు నాకు ఏడుపొచ్చినంత పనైంది, ఎందుకంటే మొదటి ఏడాది అంతా నాలోనే ఏదో లోపం ఉందనుకున్నా. వారానికి రెండు గంటలు కలిస్తే 200 గంటలకి రెండేళ్ళు పడుతుంది, లెక్క వేసుకోండి. నాకు సరిగ్గా రెండేళ్ళే పట్టింది.

ఇంకోటి, ఇక్కడ మనుషుల్ని ఇంటికి పిలవడం కంటే వాళ్ళతో కలిసి ఏదో ఒక పని చేస్తే తొందరగా కలుస్తారు. నేను లైబ్రరీలో వారానికి రెండు సాయంత్రాలు పిల్లలకి లెక్కలు చెప్పడం మొదలుపెట్టాక ఊరు నాది అయింది. అంతకుముందు ఆ సిటీ వాళ్ళు అనేవాళ్ళు, ఆ తర్వాత లెక్కల మేడం అన్నారు.

రెండు_తాళాలు:

నేను వెళ్ళి వెనక్కొచ్చినవాణ్ణి అండి. పద్నాలుగు నెలలు ఉన్నాం. బాధగా ఉంటుంది రాయాలంటే, ఐనా మీ పోస్ట్ చదివాక రాయకుండా ఉండలేకపోయా, ఎందుకంటే మీ ఇంట్లో పరిస్థితి అచ్చం మాదే.

మా ఇద్దర్లో ఊరు మారింది మా ఆవిడకి మాత్రమే. నాకు అదే లాప్‌టాప్, అవే మీటింగ్‌లు, ఫోన్లో అదే ఫ్రెండ్స్, సాయంత్రం ఐదుకి లాప్‌టాప్ మూస్తే ఎదురుగా చెట్లు. స్వర్గం అనుకున్నా. తను ఉద్యోగం వదిలేసింది, తనతో పాటు బస్సులో వెళ్ళే స్నేహితురాళ్ళని వదిలేసింది, మధ్యాహ్నం పూట తనతో పెద్దవాళ్ళ మాటలు మాట్లాడేవాళ్ళు ఎవరూ లేరు. నేను అదే ఇంట్లో ఉన్నాను కదా అనుకునేవాణ్ణి, కానీ గది తలుపేసుకుని మీటింగ్‌లో ఉండే మనిషి ఉన్నా లేనట్టే. ఇల్లు దూరంగా ఉంది కాబట్టి పిల్లల్ని ప్రతిదానికీ కారులో దింపాలి, ఆ పని కూడా తన మీదే పడింది. నాకు ఈ సంగతి అర్థమవడానికి పది నెలలు పట్టింది, తను చెప్పలేదని కాదు, చెప్తూనే ఉంది, నేనే అలవాటైపోతుందిలే అంటూ వచ్చా. దీనికి ఇప్పటికీ సిగ్గుపడతా.

కాబట్టి అమ్మా, మీరు ఉద్యోగం మానేయాలి అని ఒక్క లైన్లో రాసి వదిలేశారు. మీ పోస్ట్ మొత్తంలో నాకు అదే పెద్ద విషయంలా కనపడింది. ఎనిమిదేళ్ళ పని అది. మీ కంపెనీలో అడిగారా, వారానికి కొన్ని రోజులైనా ఇంటి నుంచి చేయనిస్తారేమో? అకౌంట్స్ పని కదా. అడక్కుండా మానేయకండి.

ఇల్లు కొనడం గురించి. 1967లో హోమ్స్, రాహే అని ఇద్దరు అమెరికన్ డాక్టర్లు జీవితంలో వచ్చే మార్పులకి మార్కులు వేసి 43 అంశాల లిస్ట్ తయారుచేశారు. మా ఆవిడ వెళ్ళే కౌన్సెలర్ మాకు ఆ కాగితం ఇచ్చింది. ఇల్లు మారడానికి 20, పిల్లల స్కూల్ మారడానికి 20, బతికే తీరు మారడానికి 25, భార్యాభర్తల్లో ఒకరు ఉద్యోగం మొదలెట్టినా మానేసినా 26, పని వేళలు మారితే 20, నలుగురితో కలిసే తీరు మారితే 18. కూడితే 129. ఏడాదిలో 150 దాటితే ఆరోగ్యం దెబ్బతినే అవకాశం పెరుగుతుందని వాళ్ళు చెప్పింది. పెద్ద ఇంటి అప్పు ఒక్కదానికే 31. అంటే ఏమీ కొనకుండా అద్దెకి వెళ్తే 129, కొనుక్కుని వెళ్తే 160. పాత లెక్కే, ప్రతి ఇంటికీ అలాగే సరిపోదు, ఐనా ఒకే ఏడాదిలో అన్నీ నెత్తినేసుకోకూడదు అనేది మాకు ఆ కాగితం చూశాకే బుర్రకెక్కింది.

ఫ్లాట్ అమ్మకండి. అద్దెకిచ్చి, అక్కడ అద్దెకి దిగండి. మా రెండు తాళాలూ మా దగ్గరే ఉండబట్టి పద్నాలుగు నెలల తర్వాత మేం ఇంటికి రాగలిగాం. ఓనర్ తొందరపెడుతున్నాడు అన్నారు, చిన్న ఊళ్ళలో ఇళ్ళు అంత తొందరగా అమ్ముడుపోవు, అందుకే తొందరపెడుతుంటాడు. రేపు మీరు అమ్ముదామన్నా అదే పరిస్థితి, అది కూడా గుర్తుపెట్టుకోండి.

ఇంకొకటి మర్చిపోయా, పూర్తిగా ఇంటి నుంచే పని అని మీ ఆయనకి కాగితం మీద రాసిచ్చారా, మేనేజర్ నోటి మాటా? నాకు నోటి మాటే. మేనేజర్ మారాక వారానికి మూడు రోజులు రమ్మన్నారు. మూడున్నర గంటల దూరం నుంచి అది అయ్యే పని కాదు.

నైట్_డ్యూటీ_సిస్టర్:

పెద్దావిడకి స్ట్రోక్ వచ్చి తగ్గింది అన్నారు కాబట్టి రాస్తున్నా. నేను ఇరవై పడకల చిన్న ఊరి హాస్పిటల్లో నర్సుని.

చిన్న ఊళ్ళో హాస్పిటల్ ఉందా లేదా అని అడగకండి, ఉంది అంటారు, ఉంటుంది కూడా. అడగాల్సింది రాత్రి రెండింటికి సీటీ స్కాన్ తీసి, చూసి చెప్పే డాక్టర్ ఉన్న హాస్పిటల్ ఎంత దూరం అని. స్ట్రోక్‌లో రక్తం గడ్డ కట్టి మెదడుకి దారి మూసుకుపోతే దాన్ని కరిగించే ఇంజెక్షన్ ఉంది, లక్షణాలు మొదలైన 4.5 గంటల్లోపే ఇవ్వాలి. స్కాన్ లేకుండా ఇవ్వకూడదు, ఎందుకంటే లోపల రక్తస్రావం వల్ల వచ్చిన స్ట్రోక్ ఐతే అదే మందు ప్రాణం తీస్తుంది. అందుకని స్కాన్ లేని మా లాంటి హాస్పిటల్‌కి ముందు తీసుకొస్తే మేం చేయగలిగింది అంబులెన్స్ పిలవడమే, ఆ గంట వృథా. నిమిషానికి దాదాపు 19 లక్షల నాడీకణాలు చచ్చిపోతాయి అండి, నేను ఆ గంట వృథా అయినవాళ్ళని చూశాను కాబట్టి ఇంత గట్టిగా చెప్తున్నా.

మూతి ఒక పక్కకి లాగడం, చెయ్యి ఎత్తితే జారిపోవడం, మాట తడబడటం, ఈ మూడు మీ పాపతో సహా ఇంట్లో అందరికీ నేర్పించండి. ఎన్నింటికి మొదలైందో టైం రాసుకోవాలి, డాక్టర్ అడిగే మొదటి ప్రశ్న అదే.

గుండె ఆగిపోతే ఇంకా కష్టం, ఎవరూ ఏమీ చేయకపోతే ప్రతి నిమిషానికి బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గుతూ పోతుంది, అంబులెన్స్ ఇరవై నిమిషాల్లో వచ్చినా లాభం ఉండకపోవచ్చు. మీరూ మీ ఆయనా సీపీఆర్ నేర్చుకోండి, ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 సెంటీమీటర్ల లోతు నొక్కాలి. ఒక పూట పని.

బాబు ఆయాసానికి నెబ్యులైజర్, అంటే మందుని పొగమంచులా చేసి పీల్పించే మిషన్, ఉంటే మంచిదే కానీ కరెంట్ పోతే అది పెట్టెతో సమానం. ఇన్‌హేలర్‌కి స్పేసర్ (మందు కాసేపు నిలిచే గొట్టం లాంటి డబ్బా) తగిలించి వాడటం నేర్చుకోండి, మరీ తీవ్రం కాని ఆయాసానికి నెబ్యులైజర్‌తో సమానంగా పనిచేస్తుంది, కరెంట్‌తో పనిలేదు. ఒకటి ఇంట్లో, ఒకటి స్కూల్లో ఉంచండి.

పెరడు ఉంది కాబట్టి పాముల సంగతి కూడా. కాటేస్తే తాడు కట్టకూడదు, కోయకూడదు, నోటితో పీల్చకూడదు. కాటు పడిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఉన్న చోటికి వెళ్ళాలి. ఆ ఇంజెక్షన్ ఏ హాస్పిటల్లో ఎప్పుడూ ఉంటుందో ముందే కనుక్కోండి, ఆ రోజు వెతుక్కోవడం కాదు. భయపెట్టడానికి కాదండి, ఇవన్నీ ముందే కనుక్కున్న కుటుంబాలు ఇక్కడ హాయిగానే ఉన్నాయి.

అప్పుడు_ఎనిమిదో_క్లాస్:

అక్కా, నేను మీ పాపని. అంటే పదమూడేళ్ళప్పుడు మా అమ్మానాన్న నన్ను ఇలాగే తీసుకెళ్ళారు. ఇప్పుడు నాకు ఇరవై ఆరు.

ఊరి మీద నాకు ఎప్పుడూ కోపం లేదు, తర్వాత తర్వాత ఇష్టపడ్డాను కూడా. కోపం అంతా ఇల్లు కొనేశాక నాకు చెప్పినందుకు. నీ అభిప్రాయం ఏంటి అని అడిగారు, కానీ అప్పటికే అడ్వాన్స్ ఇచ్చేశారు అని తర్వాత తెలిసింది. ఆ ఒక్క విషయం మర్చిపోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. మీరింకా కొనలేదు, కాబట్టి మీకు ఇంకా టైం ఉంది. పాప దగ్గర కూర్చుని ఇంకా ఏమీ తేలలేదు, నువ్వు చెప్పేదాన్ని బట్టి కొన్ని మారతాయి అని చెప్పండి, అవి ఏవో నిజంగా మార్చండి. అన్నీ తన ఇష్టం ప్రకారమే జరగాలని కాదు, జరగవని తనకీ తెలుసు.

తను తలుపేసుకోవడానికి కారణం ఒకటే అనుకోకండి, అడగండి. నాకైతే మూడు భయాలు ఉండేవి. క్లాసులో అందరూ చిన్నప్పట్నుంచి కలిసి చదువుకున్నవాళ్ళే ఉంటారు, నేనొక్కదాన్నే కొత్త. రెండోది నేను నేర్చుకునే స్విమ్మింగ్ అక్కడ లేదు. మూడోది నా ఫ్రెండ్ నన్ను మర్చిపోతుంది. మూడోదానికి అమ్మ చేసిన ఏర్పాటు ఇప్పటికీ గుర్తుంది, నాన్న నెలకోసారి సిటీకి వెళ్ళేటప్పుడు నన్ను కూడా తీసుకెళ్ళి నా ఫ్రెండ్ ఇంట్లో దింపేవాడు. ఒక్క నెల కూడా తప్పలేదు, పరీక్షలున్నా సరే. ఏడాదిన్నర తర్వాత ఈ నెల వద్దులే నాన్నా అని నేనే అన్నా. మీ ఆయన కూడా నెలకోసారి వెళ్తారు కదా!

ఇంకో మాట, సెలవులు మొదలవ్వగానే మారకండి. అందరూ అలాగే చేస్తారు, స్కూల్ పోదని. మేం సెలవుల మొదట్లో వెళ్ళాం, రెండు నెలలు ఒక్క మనిషి తెలియని ఊళ్ళో ఇంట్లో కూర్చున్నా, ఆ రెండు నెలలే నా జీవితంలో అన్నిటికంటే పొడుగు. సెలవుల్ని పాత ఫ్రెండ్స్‌తో గడపనిచ్చి, స్కూల్ తెరిచే ముందు రెండు వారాలప్పుడు వెళ్ళండి. అందరితో పాటు మొదటి రోజు క్లాసుకి వెళ్తే చాలు.

చిన్నవాడికి చిన్న ఊరు బంగారం, సైకిలేసుకుని తిరుగుతాడు. ఆడపిల్లకి పదిహేనేళ్ళొచ్చాక అదే ఊరు ఇరుకవుతుంది, నేను ఎవరితో మాట్లాడానో నాకంటే ముందు ఇంటికి తెలిసేది. ఊరంతా చూస్తుంది కాబట్టి సేఫ్ అంటారు, కానీ చూడటం అనేది పిల్లకి ఎలా ఉంటుందో ఆలోచించండి. మీరు తన పక్షాన ఉన్నారని తనకి తెలిస్తే చాలావరకు పర్వాలేదు, మా అమ్మ ఉంది.

శివారు_సాయంత్రం:

అందరికీ ఏమని చెప్పాలో తెలియట్లేదు. రెండు తాళాలు గారూ, మీ పోస్ట్ మా ఆయనకి చూపించా. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత నీ ఉద్యోగం గురించి మనం అసలు మాట్లాడుకోలేదు కదా అన్నారు. ఎనిమిదో క్లాస్ చెల్లీ, నీ పోస్ట్ పాపకి చూపించా, చదివి ఫోన్ తిరిగిచ్చింది, ఏమీ అనలేదు కానీ రాత్రి నా పక్కన వచ్చి పడుకుంది.

ఇల్లు చూసేటప్పుడు ఏం చూడాలో కూడా ఎవరైనా చెప్తారా, మేం ఎప్పుడూ అపార్ట్‌మెంట్లోనే ఉన్నాం, బోరు నీళ్ళు, సెప్టిక్ ట్యాంక్ ఇవేవీ తెలీదు.

ల్యాబ్_సీసా:

నీళ్ళ పరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తా, నీళ్ళ సంగతి నేను చెప్తా.

బోరు నీళ్ళు తేటగా ఉన్నాయి, తియ్యగా ఉన్నాయి అన్న మాట నమ్మకండి. కనపడనివే ప్రమాదం. సూక్ష్మక్రిములు, నైట్రేట్, ఫ్లోరైడ్, ఈ మూడు తప్పకుండా పరీక్ష చేయించండి, మీ ప్రాంతంలో ఆర్సెనిక్ ఉంటుందంటే అది కూడా. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 100 మిల్లీలీటర్ల నీళ్ళలో ఇ కోలి (మలం కలిసిందని చెప్పే క్రిమి) ఒక్కటి కూడా ఉండకూడదు, నైట్రేట్ లీటరుకి 50 మిల్లీగ్రాములు, ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. చాలామంది చేసే తప్పు ఏంటంటే కాచి తాగుతాం కదా అంటారు. కాస్తే క్రిములు చస్తాయి, నిజమే. నైట్రేట్, ఫ్లోరైడ్ పోవు సరికదా నీళ్ళు ఆవిరై అవి ఇంకా చిక్కబడతాయి. పొలాల పక్కన బోరు ఐతే ఎరువుల వల్ల నైట్రేట్ ఎక్కువుండే అవకాశం ఉంది, సీసా పాలు తాగే పసిపిల్లలకి అది మరీ ప్రమాదం. శాంపిల్ ల్యాబ్ ఇచ్చిన సీసాలోనే పట్టండి, ఇంట్లో ఉన్న బాటిల్ కడిగి పట్టి తెస్తుంటారు, దాంతో ఏమీ తేలదు. వానలు పడ్డాక ఇంకోసారి చేయించండి, ఒక్కసారి సరిపోదు.

సెప్టిక్ ట్యాంక్ ఎక్కడుందో ఓనర్‌ని చూపించమనండి, చూపించలేకపోతే దాన్ని ఎప్పుడూ తీయించలేదని అర్థం. మూడు నుంచి ఐదేళ్ళకోసారి తీయించాలి. బోరుకి కనీసం 50 అడుగుల దూరంలో ఉండాలి, ఎంత ఎక్కువుంటే అంత మంచిది. పక్కింటివాళ్ళ ట్యాంక్ మీ బోరుకి ఎంత దూరమో కూడా చూడండి, అది ఎవరూ చూడరు.

తొమ్మిదేళ్ళ_పెరడు:

నెట్ సంగతి నేను చెప్పడం మర్చిపోయా. ఇంటి బయట నిలబడి సిగ్నల్ చూడకండి, మీ ఆయన కూర్చునే గదిలో, సాయంత్రం ఏడు నుంచి పది మధ్య, నిజంగా ఒక వీడియో కాల్ చేసి చూడండి. పాత ఇళ్ళ మందం గోడలు సిగ్నల్‌ని మింగేస్తాయి. రెండు వేర్వేరు కంపెనీల కనెక్షన్లు పెట్టుకోండి. శాటిలైట్ నెట్ అంటే అది ఏ రకమో అడగండి, భూమికి 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉండే పాతరకం శాటిలైట్ ఐతే మాట వెళ్ళి జవాబు రావడానికే అర సెకను పైన పడుతుంది, మీటింగ్‌లో ఒకరి మీద ఒకరు మాట్లాడేస్తారు. 550 కిలోమీటర్ల దగ్గర తిరిగేవి ఐతే ఆ ఇబ్బంది అంతగా ఉండదు. కరెంట్ పోతే వైఫై డబ్బా కూడా ఆగుతుంది, దానికి చిన్న ఇన్వర్టర్ పెట్టాలి. చాలాసేపు పోతే సెల్ టవర్ బ్యాటరీ కూడా ఐపోయి ఫోన్లు మూగబోతాయి. మాకు ఒకసారి అలా రాత్రంతా ఐంది, అప్పట్నుంచి కారులో పెట్రోల్ సగానికి తగ్గనివ్వం.

నైట్_డ్యూటీ_సిస్టర్:

అందరూ పాప గురించి, ఆయన గురించి, మీ గురించి మాట్లాడుతున్నారు. మీ అత్తగారు ఏమంటున్నారండి? ఆవిడ కోసం కూడా అన్నారు కదా, ఆవిడని అడిగారా?

శివారు_సాయంత్రం:

మూడు వారాలకి వస్తున్నా, క్షమించండి.

సిస్టర్ గారూ, మీరు అడిగిన ప్రశ్న చదివి నేనూ మా ఆయనా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆవిడని అడగలేదు. ఆవిడకి మంచిదని మేమే అనుకున్నాం. ఆ రోజు రాత్రే అడిగాం. ఆవిడ చాలాసేపు ఆలోచించి, నాకు ఊళ్ళు ఏవైనా ఒకటే, నేల మీద ఇల్లు ఐతే చాలు, గుమ్మం దాటితే రోడ్డు మీద మనుషులు కనపడాలి, లిఫ్ట్ ఎక్కకుండా నలుగురితో మాట్లాడి రావాలి అన్నారు. నాలుగేళ్ళ నుంచి మనసులో పెట్టుకున్నారట. మేం ఇష్టపడ్డ ఆ ఇల్లు ఊరి చివర, పక్కిల్లు ఎక్కడో దూరంగా. ఆవిడకి అక్కడ కూడా నాలుగో ఫ్లోరే.

ఇప్పటివరకు ఐన సంగతులు రాస్తా. ఫ్లాట్ అమ్మట్లేదు, ఆ ఇల్లు కొనట్లేదు, ఓనర్‌కి చెప్పేశాం. బుధవారం సెలవు పెట్టి వాన్లో వెళ్ళాం, ఊరి మధ్యలో, స్కూల్‌కి నడిచి వెళ్ళేంత దూరంలో అద్దె ఇల్లు ఒకటి చూశాం, చిన్నదే, ముందు అరుగు ఉంది. నీళ్ళు పరీక్షకి ఇచ్చాం, నైట్రేట్, ఫ్లోరైడ్ పర్వాలేదు, క్రిములు ఉన్నాయని వచ్చింది, బోరు శుభ్రం చేయించి మళ్ళీ పరీక్ష చేయించే బాధ్యత ఇల్లు ఇచ్చేవాళ్ళే తీసుకున్నారు. రాత్రి కూడా స్కాన్ చేసే హాస్పిటల్‌కి యాభై నిమిషాలు పడుతోంది, రాత్రి పూట ఒకసారి వెళ్ళి చూసుకున్నాం. సీపీఆర్ క్లాసుకి పాప కూడా వస్తానంది. మా ఆయన కంపెనీలో కాగితం అడిగారు, రెండేళ్ళకి రాసిచ్చారు. నేను మా ఆఫీస్‌లో అడిగా, భయపడుతూనే అడిగా, నెలాఖరు వారం వచ్చి మిగతా మూడు వారాలు ఇంటి నుంచి చేయొచ్చు అన్నారు, ఆరు నెలలు చూస్తారట. ఎనిమిదేళ్ళలో ఒక్కసారి కూడా నోరు తెరిచి అడగలేదు నేను.

పాప ఒక రోజు ఆ స్కూల్లో కూర్చుని వచ్చింది. కాగితం మీద నాలుగు షరతులు రాసింది. నెలకోసారి నాన్నతో సిటీకి. తన గదికి తలుపు. పెయింటింగ్ క్లాస్ ఆన్‌లైన్‌లో సాగాలి. నాలుగోది, ఏడాది అయ్యాక తనకి నచ్చకపోతే అందరం వెనక్కి రావాలి. మొదటి మూడింటికీ వెంటనే ఒప్పుకున్నాం. నాలుగోదాని మీద మా ఆయన రెండు రోజులు గింజుకుని, వెనక్కి వస్తామని మాట ఇవ్వలేను, ఏడాది తర్వాత ఐదుగురం కూర్చుని మళ్ళీ మొదట్నుంచి మాట్లాడుకుంటాం, అప్పుడు నీ మాటకీ నా మాటకీ ఒకటే విలువ అని రాసి సంతకం పెట్టారు. తను చదివి, నానమ్మ మాటకి కూడా అని చేర్చింది.

ఇంకా ఖాయం కాలేదు. శనివారం మా అత్తగారిని తీసుకెళ్తున్నాం, ఆ అరుగు మీద ఒక రోజంతా కూర్చుని చూసి చెప్తానన్నారు. వచ్చాక రాస్తా.